జర్మనీకి ఒంటరిగా చదువుకోడానికి వెళ్తున్నారా? ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి మొదటి నెల దాకా ఏం చెయ్యాలో చెప్తాను

రాజాం దగ్గర పల్లె మాది. నేను పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు మార్చాక విజయనగరం జిల్లా అయిపోయాం. మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషిని నేనే, అందుకని విశాఖ ఎయిర్‌పోర్ట్‌కి నన్ను దింపడానికి బొలెరో మాట్లాడుకుని పదకొండు మంది వచ్చారు, మా పెదనాన్న అయితే ఊడ్పులు ఆపుకుని మరీ వచ్చాడు, గేటు దగ్గర మా నాయనమ్మ "ఒలమ్మా, గుంట ఒక్కర్తీ ఎలా ఎల్తాదిరా" అని నాన్న చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. ఆ గేటు దాటాక మాత్రం నేనొక్కదాన్నే. అక్కడ్నించి నాకు తెలియక పడ్డ ఇబ్బందులు మన జిల్లాల నుంచి వెళ్ళే తమ్ముళ్ళు చెల్లెళ్ళు పడకూడదనే ఇదంతా రాస్తున్నాను. నేనున్నది జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊరు, కాబట్టి జర్మనీ సంగతులే చెప్తాను.

ముందే ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మొదటి నెల మీ పని చదువు కాదు, అడ్రస్. అక్కడ మీకు ఒక అడ్రస్, దాన్ని ఆఫీసులో నమోదు చేయించిన కాగితం ఉంటే బ్యాంకు, డబ్బులు, వీసా, ఉద్యోగం అన్నీ ఒకదాని వెనక ఒకటి కదుల్తాయి. ఆ కాగితం లేకపోతే అన్నీ ఆగిపోతాయి. చాలామంది మనవాళ్ళు టికెట్టు, బట్టలు, పచ్చళ్ళ మీద రెండు నెలలు పెట్టి, ఎక్కడ ఉండాలో మాత్రం "వెళ్ళాక చూసుకుందాంలే" అంటారు. అలా అనకండి.

ముందు కాగితాలు

పాస్‌పోర్ట్, వీసా, యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు సర్టిఫికెట్లు సరైనవేనని జర్మనీ తరఫున చూసి ఇచ్చేది), బ్లాక్డ్ అకౌంట్ (ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచితే నెలనెలా కొంత చొప్పున ఇచ్చే ఖాతా) కన్ఫర్మేషన్, ఇన్సూరెన్స్ కాగితం, అక్కడ మీరు ఉండబోయే ఇంటి అడ్రస్, టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి ఆ ఫైల్ చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్ ఇన్ సూట్‌కేస్‌లో చచ్చినా పెట్టొద్దు. సూట్‌కేస్ రెండ్రోజులు లేటుగా వస్తే బట్టలు కొనుక్కోవచ్చు, బీటెక్ ఒరిజినల్ కొనుక్కోలేరు కదా. మూడు సెట్లు జెరాక్స్ తీయించండి, ఒకటి అమ్మావాళ్ళ దగ్గర, ఒకటి సూట్‌కేస్‌లో, ఒకటి బ్యాగ్‌లో. జెరాక్స్ ఇక్కడే చౌక. అన్నీ స్కాన్ చేసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, ఫోన్ పోయినా దొరుకుతాయి.

మన రాజాం, పాలకొండ వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. పాత సర్టిఫికెట్లలో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది, కొత్త ఆధార్‌లో పాలకొండ వాళ్ళకి పార్వతీపురం మన్యం అనో, మాకు విజయనగరం అనో వస్తుంది. నేను దీనికి చాలా భయపడ్డాను, అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళకి కావల్సింది పాస్‌పోర్ట్ ఒక్కటే. ఏ ఫారంలో అయినా పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరంగా ఉందా పూర్తిగా ఉందా అన్నది వీసాకి వెళ్ళకముందే చూసుకోండి, ఎందుకంటే అక్కడ అందరూ మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు, లెటర్స్ కూడా ఇంటిపేరు మీదే వస్తాయి.

వీసా మీద రెండు తేదీలు ఉంటాయి, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని. మొదటి తేదీ కంటే ఒక్క రోజు ముందు దిగినా లోపలికి రానివ్వరు, టికెట్ ఆ తేదీ చూసి బుక్ చెయ్యండి. రెండో తేదీ సంగతి తర్వాత చెప్తాను.

డబ్బులు

2024 సెప్టెంబర్ నుంచి స్టూడెంట్ బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అది మనకి నెలకి 992 చొప్పున వస్తుంది. మీరు వెళ్ళేటప్పటికి మారిందేమో ఒకసారి చూసుకోండి. ఇక్కడ మన పిల్లలు పొరపాటు పడేది ఎక్కడంటే, దిగిన రోజు నుంచే ఆ డబ్బు వాడుకోవచ్చు అనుకుంటారు. రాదు. అక్కడ బ్యాంకు అకౌంట్ తెరిచి, అడ్రస్ నమోదు చేసి, ఆ కాగితాలు పంపాకే మొదటి 992 పడుతుంది, దానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల కూడా పట్టొచ్చు. ఆలోగా ఇంటి అద్దె, అడ్వాన్స్, తిండి, బస్సు అన్నీ మీ జేబులోంచే. అందుకని బ్లాక్డ్ డబ్బు కాకుండా కనీసం 1,500 యూరోలు వేరేగా ఉండేలా చూసుకోండి. దాంట్లో ఓ 300, 400 నోట్లుగా, అవీ 10, 20, 50 నోట్లుగా అడిగి తీసుకోండి, మిగతాది ఫారెక్స్ కార్డులో వెయ్యండి. ఇండియా నుంచి ఒక ట్రిప్‌కి 3,000 డాలర్ల విలువ వరకే విదేశీ నోట్లు పట్టుకెళ్ళనిస్తారు, అంత నగదు మోసుకెళ్ళాల్సిన పని కూడా లేదు.

బ్యాంకు లోన్ తీసుకున్నవాళ్ళు, ఊళ్ళో పొలం కాగితాలు పెట్టి తీసుకున్నవాళ్ళు ఎక్కువమందే ఉంటారు మనలో, మేమూ అంతే. అక్కడికెళ్ళగానే పార్ట్‌టైమ్ చేసి నెలనెలా పంపేస్తాను అని అమ్మానాన్నకి మాటివ్వకండి. చదువుకునేవాళ్ళకి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేసే హక్కు ఉంది, నిజమే, కానీ జర్మన్ రాకుండా మొదటి మూడు నాలుగు నెలల్లో పని దొరకడం కష్టం. మొదటి ఏడాది ఖర్చంతా చేతిలో ఉండేలా లెక్కేసుకుని వెళ్ళండి.

మీ ఇండియా సిమ్ మాత్రం చావనివ్వకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించి, నాన్న చేత నెలనెలా చిన్న రీచార్జ్ వేయించండి. నాతో వచ్చిన ఒకబ్బాయి సిమ్ తీసి పడేశాడు, తర్వాత ఇండియా అకౌంట్ తెరవడానికి నాలుగు నెలలు తిప్పలు పడ్డాడు.

సామాన్లు, మరీ ముఖ్యంగా తిండి

మనవాళ్ళకి ఇది చెప్పడమే కష్టం. అమ్మ నెయ్యి ఇస్తుంది, అత్త కోవా చేస్తుంది, పిన్ని కోడి పచ్చడి పెడుతుంది. యూరోపియన్ యూనియన్ బయట నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ఏవీ లోపలికి తీసుకురానివ్వరు. అంటే నెయ్యి, కోవా, పాల స్వీట్లు, మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి అన్నీ కుదరవు. కస్టమ్స్ వాళ్ళు ఆపితే తీసి పారేస్తారు, ఫైన్ కూడా పడొచ్చు. మా అమ్మ అరకేజీ నెయ్యి ఒక చీర మడతలో పెట్టి పంపింది, నాకు తెలీదు, దిగాక బ్యాగ్ తెరిపించి తీసేశారు. నెయ్యి పోయిందని కాదు, ఆవిడ రెండ్రోజులు వెన్న కాచి చేసింది అని అక్కడే కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. ఇంట్లో ముందే కూర్చోబెట్టి చెప్పండి.

తాజా కరివేపాకు, పళ్ళు, కూరగాయలు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కరివేపాకు నీడన ఎండబెట్టి పొడి చేసి తీసుకెళ్ళండి. ఆవకాయ, మాగాయ, గోంగూర, చింతపండు తొక్కు ఇవి పర్లేదు, కానీ చెక్ ఇన్‌లోనే, మూత మీద ప్లాస్టర్, దాని మీద రెండు కవర్లు, దాని మీద పాత టవల్. ఎండు కొబ్బరి చిప్పలు విమానంలో ఒప్పుకోరు, నూనె ఉంటుంది కాబట్టి మండుతుందని. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి.

బియ్యం మోయకండి. సోనా మసూరి, కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ అన్నీ కొంచెం పెద్ద ఊళ్ళలో ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. దొరకనివి మోయండి: మన చోడి (రాగి) పిండి, ఇంట్లో కొట్టించిన కారం, ఆవపిండి, సాంబారు పొడి, పలాస జీడిపప్పు ఓ కేజీ. జీడిపప్పు ఎందుకంటే, మొదటి వారం మీకు ఎవరో ఒకరు సాయం చేస్తారు, ఇల్లు చూపిస్తారు, ఆఫీసుకి తోడొస్తారు, వాళ్ళ చేతిలో పెట్టడానికి అంతకంటే మంచిది నాకు తెలీదు. చోడి అంబలి చలికాలం పొద్దున్నే వేడివేడిగా తాగితే ఎంత బావుంటుందో ఆ చలిలోనే తెలుస్తుంది.

కుక్కర్ తీసుకెళ్ళండి, చిన్నది, మూడు లీటర్లు. కానీ అల్యూమినియం వద్దు. అక్కడ గ్యాస్ పొయ్యిలు తక్కువ, కరెంటు పొయ్యిలు, చాలాచోట్ల ఇండక్షన్, దాని మీద అల్యూమినియం వేడెక్కదు. స్టీలుది, అడుగున ఇండక్షన్ గుర్తు ఉన్నది కొనండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, ప్లగ్ మాత్రం పట్టదు. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ గోడలోకి వెళ్ళదు. ఒక అడాప్టర్, ఒక మన ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకెళ్తే సరిపోతుంది.

మందులు డాక్టర్ చీటీతో సహా పెట్టుకోండి, మూడు నెలలకి సరిపడా. అక్కడ యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు, పారాసెటమాల్ కూడా మందుల షాపులోనే దొరుకుతుంది, ఆదివారం అది మూసి ఉంటుంది. దలసరి చలి కోటు మాత్రం ఇక్కడ కొనొద్దు, విశాఖలో అమ్మే జాకెట్ అక్కడి జనవరికి ఆనదు. ఒంటికి వేసుకునే థర్మల్స్ రెండు జతలు చాలు, కోటు అక్కడే సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి.

ఇల్లు, వెళ్ళకముందే

యూనివర్సిటీల హాస్టళ్ళని అక్కడ స్టుడెంటెన్‌వెర్క్ అనే సంస్థ చూస్తుంది. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే అప్లై చెయ్యండి, వీసా వచ్చేదాకా ఆగొద్దు, లిస్టు పొడుగ్గా ఉంటుంది. నేనున్న ఊరు లాంటిచోట రూమ్ 250 నుంచి 350 యూరోలకి దొరుకుతుంది, మ్యూనిక్‌లో అయితే దానికి రెండింతలు పెట్టినా దొరకడం కష్టం, 992లోంచి అద్దె పోతే ఏం మిగుల్తుందో లెక్కేసుకునే ఊరు ఎంచుకోండి.

హాస్టల్ రాకపోతే మొదటి నెలకి ఏదో ఒకటి తాత్కాలికంగా తీసుకుంటారు కదా, అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?" ఆన్‌మెల్డుంగ్ అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవడం. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన ఒక కాగితం కావాలి, పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, నోరు తిరగదు కానీ ఈ ఒక్క మాట నేర్చుకోండి. ఆ కాగితం ఇవ్వనంటే ఆ ఇల్లు ఎంత చౌకైనా మీకు పనికిరాదు.

ఇంకోటి, ఇల్లు చూడకుండా, తాళం చేతికి రాకుండా ఎవరికీ అడ్వాన్స్ పంపొద్దు. ఓనర్ వేరే దేశంలో ఉన్నాడంట, తాళం కొరియర్ చేస్తాడంట, ముందు డిపాజిట్ పంపమంటాడు, ఫోటోలు మాత్రం అద్దంలా ఉంటాయి. అదంతా మోసం. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి ఇలాగే 700 యూరోలు పోగొట్టుకుంది, వాళ్ళ నాన్న సొసైటీలో అప్పు చేసి పంపిన డబ్బు అది. చట్ట ప్రకారం డిపాజిట్ కరెంటు, హీటింగ్ కలపని అద్దెకి మూడు నెలల మొత్తం మించకూడదు, అంతకంటే ఎక్కువ అడిగినా అనుమానించండి. వెళ్ళే ఊళ్ళో సీనియర్స్ ఉంటే వాళ్ళని ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి చూసి రమ్మనండి, మనవాళ్ళు కాదనరు.

ప్రయాణం, ఏ రోజు దిగాలి

మంగళవారమో బుధవారమో పొద్దున్న దిగేలా టికెట్ తీసుకోండి. శనివారం రాత్రి మాత్రం దిగొద్దు. జర్మనీలో ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, సూపర్ మార్కెట్లు కూడా. నేను శనివారం రాత్రి పదకొండింటికి కెమ్నిట్స్ చేరాను, ఆదివారం అంతా బ్యాగ్‌లో ఉన్న జీడిపప్పు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, కుళాయి నీళ్ళతో గడిపాను. కుళాయి నీళ్ళు తాగొచ్చు, అదొక్కటే నయం. తర్వాత తెలిసింది, పెద్ద రైల్వే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో ఉండే షాపులు ఆదివారం కూడా తెరిచే ఉంటాయని.

విశాఖ నుంచి హైదరాబాద్, అక్కణ్ణించి జర్మనీ వెళ్ళేటట్టయితే మొత్తం ఒకే టికెట్‌గా తీసుకోండి. విడివిడిగా తీసుకుంటే హైదరాబాద్‌లో సామాను దించుకుని మళ్ళీ ఎక్కించాలి, మొదటి ఫ్లైట్ లేటైతే రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. హైదరాబాద్‌కి రైల్లో వెళ్దామనుకుంటే, శ్రీకాకుళం రోడ్ నుంచి ఫలక్‌నుమా ఉంది కానీ, ఒక రోజు ముందే చేరేలా చూసుకోండి, రైలు లేటయిందని విమానం ఆగదు.

దిగాక ఇమ్మిగ్రేషన్ దగ్గర కంగారు పడక్కర్లేదు. ఎందుకొచ్చారు, ఏ యూనివర్సిటీ, ఎక్కడుంటారు, డబ్బులెలా, ఇవే అడుగుతారు. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటల్లో చెప్పండి, అడిగినదానికే చెప్పండి, ఫైల్ చేతిలో ఉంచుకోండి. నాకు మొత్తం రెండు నిమిషాలు పట్టింది, దానికి నేను నెలంతా నిద్రపోలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే ఎయిర్‌పోర్ట్ దగ్గరే రెండు రైల్వే స్టేషన్లు ఉంటాయి, ఒకటి లోకల్ రైళ్ళకి, ఒకటి దూరం వెళ్ళే రైళ్ళకి. టికెట్‌లో ఏది రాసుందో చూసుకుని నడవండి, రెండూ ఒకటి కాదు. ఇంకా జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండున్నాయి, ఎయిర్‌పోర్ట్ ఉన్నది మైన్ నది మీదది, ఓడర్ నది మీదది పోలండ్ బోర్డర్లో ఉంటుంది, టికెట్ బుక్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. స్టేషన్లలో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, అలాగని టికెట్ లేకుండా ఎక్కొద్దు, మధ్యలో చెకింగ్ వస్తే 60 యూరోలు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే బస్సు, లోకల్ రైలు పాస్ కలిసి ఉంటుంది. లేకపోతే డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటుంది, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు, దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి స్పీడు రైళ్ళకి మాత్రం పనికిరాదు.

మొదటి రాత్రి

రూమ్‌లోకి వెళ్ళగానే వైఫై పట్టుకుని ఇంటికి ఫోన్ చెయ్యండి, ఎంత రాత్రైనా సరే, అక్కడ ఎవరూ పడుకుని ఉండరు. మా అమ్మ అడిగిన మొదటి మాట "తిన్నావేటి?" అని. తిన్నానని చెప్పండి, తినకపోయినా. ఇదొక్కటే నేను మీకు నేర్పే అబద్ధం.

రూమ్ తలుపు సంగతి చాలా ముఖ్యం. అక్కడ తలుపు లాగితే చాలు దానంతటదే పడిపోతుంది, బయట నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోదు. బాత్‌రూమ్‌కని చెప్పుల్లేకుండా బయటికొచ్చి తలుపు పడిపోతే తాళం తీసేవాణ్ణి పిలవాలి, రాత్రిపూట, సెలవు రోజు అయితే వందల యూరోలు తీసుకుంటారు. తాళంచెవికి తాడు కట్టి మెళ్ళో వేసుకోండి, చిన్నపిల్లల్లా ఉన్నా పర్లేదు.

తర్వాత రోజు పోస్ట్ బాక్స్ మీద మీ పేరు అంటించండి. కాగితం మీద ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి టేపు వేసినా చాలు, హాస్టల్ అయితే ఆఫీసులో అడగండి. అక్కడ పోస్ట్‌మ్యాన్ మన ఊళ్ళోలా "ఫలానా వాళ్ళమ్మాయి" అని ఇల్లు వెతికి ఇవ్వడు, బాక్స్ మీద పేరు లేకపోతే లెటర్ వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు కార్డు, పిన్ నంబర్, ట్యాక్స్ నంబర్, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. నా బ్యాంకు కార్డు ఇలాగే వెనక్కి పోయింది, మళ్ళీ రావడానికి పన్నెండు రోజులు.

మొదటి రెండు వారాలు, ఈ వరసలోనే

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆన్‌మెల్డుంగ్ చేయించాలి, అది చట్టం. ఊరి ఆఫీసుని బ్యూర్గర్‌ఆమ్ట్ అంటారు. అపాయింట్‌మెంట్ ఇండియా నుంచే ఆన్‌లైన్లో తీసుకోండి, సెప్టెంబర్, అక్టోబర్‌లో స్టూడెంట్లంతా ఒకేసారి వస్తారు, దొరకదు. దొరక్కపోతే రోజూ పొద్దున్న ఆఫీసు తెరిచే టైముకి సైట్ చూడండి, ఎవరైనా క్యాన్సిల్ చేసినవి అప్పుడు కనిపిస్తాయి. పాస్‌పోర్ట్, ఓనర్ కాగితం, ఫారం పట్టుకెళ్తే పావుగంటలో అయిపోతుంది, వాళ్ళిచ్చిన కాగితం ఇంటి పట్టా అంత జాగ్రత్తగా దాచండి. కొన్ని ఆఫీసుల్లో ఇంగ్లీష్ మాట్లాడరు, తోడు ఒకరుంటే మంచిది, లేకపోతే ఫోన్లో అనువాదం చేసే యాప్ చాలు. మతం ఏంటని అడిగే గడి ఒకటి ఉంటుంది ఫారంలో, చర్చి పన్ను కోసం అది, చర్చి సభ్యులైతే జీతంలోంచి పన్ను కోస్తారు, కాబట్టి ఆలోచించి నింపండి.

దాని తర్వాత బ్యాంకు అకౌంట్, అది రాగానే బ్లాక్డ్ అకౌంట్ వాళ్ళకి వివరాలు. ఇంకోపక్క హెల్త్ ఇన్సూరెన్స్. 30 ఏళ్ళ లోపు స్టూడెంట్లకి ప్రభుత్వ తరహా ఇన్సూరెన్స్ నెలకి సుమారు 150 యూరోలు. చౌకగా ఉందని ప్రైవేటు ఇన్సూరెన్స్ చేయించకండి, ఒకసారి అటు వెళ్తే చదువు అయ్యేదాకా వెనక్కి రావడం దాదాపు కుదరదు, ఏజెంట్లు ఈ మాట చెప్పరు. ఆ కన్ఫర్మేషన్, సెమిస్టర్ ఫీజు కట్టిన రసీదు ఉంటేనే యూనివర్సిటీలో ఎన్‌రోల్‌మెంట్ అవుతుంది, ఆ గడువు అడ్మిషన్ లెటర్‌లో ఉంటుంది, దాటితే సీటు పోతుంది.

ఇప్పుడు వీసా మీద ఆ రెండో తేదీ. చాలామందికి వీసా కొన్ని నెలలకే ఇస్తారు, అది అయిపోకముందే ఆవ్స్‌లేండర్‌బెహోర్డె అనే విదేశీయుల ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలి. ఆన్‌మెల్డుంగ్ అయిన మర్నాడే అప్లై చేసెయ్యండి. వాళ్ళు అపాయింట్‌మెంట్ లేటుగా ఇచ్చినా, మీరు గడువులోపు అప్లై చేసినట్టు రుజువుంటే కంగారు లేదు, మధ్య కాలానికి ఒక కాగితం అడిగి తీసుకోవచ్చు. మెయిల్ పంపిన తేదీ, జవాబు అన్నీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి.

ఇంకో లెటర్ వస్తుంది, టీవీ రేడియో ఫీజు కట్టమని, నెలకి 18.36 యూరోలు. మా ఇంట్లో టీవీ లేదు కదా అని చించేయొద్దు, టీవీ లేకపోయినా ఇంటికి ఒకటి కట్టాలి. నలుగురు కలిసి ఉంటే ఒక్కరు కట్టి పంచుకోవచ్చు.

ఇంట్లో ఉండే పద్ధతి

తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి పెట్టండి. పడుకునే గదుల్లో, నడవాల్లో పొగ పసిగట్టే అలారం ఉంటుంది, ఎండుమిరపకాయలు మాడితే బిల్డింగ్ అంతా మోగుతుంది. రాత్రి పది దాటాక, ఆదివారం రోజంతా మిక్సీ వేయొద్దు, పక్కింటివాళ్ళు ఊరుకోరు. చెత్త నాలుగు రకాలుగా వేరు చెయ్యాలి, వారం పాటు రూమ్‌మేట్‌ని చూసి నేర్చుకోండి. సీసాలు, ప్లాస్టిక్ బాటిళ్ళు పారేయకండి, చాలావాటికి 25 సెంట్లు వెనక్కిస్తారు, సూపర్ మార్కెట్లో మెషిన్ ఉంటుంది. సైకిళ్ళ దారిలో నడవకండి.

ఒంట్లో బాగోకపోతే, అంబులెన్స్‌కి, మంటలకి 112, పోలీసుకి 110. రాత్రి జ్వరం లాంటిది వచ్చి అంబులెన్స్ అంత అవసరం లేకపోతే 116117కి చేస్తే డ్యూటీ డాక్టర్ ఎక్కడున్నాడో చెప్తారు. ఈ మూడూ ఫోన్లోనే కాదు, గోడ మీద కూడా రాసి అంటించుకోండి. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత బెర్లిన్లో ఎంబసీ గానీ ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్ కాన్సులేట్లలో జర్మనీలో మీరుండే రాష్ట్రానికి ఏదైతే అది.

దిగులు గురించి

దిగులు మొదటి వారం రాదు, పనుల హడావుడిలో తెలీదు. మూడో వారం వస్తుంది. నాకైతే సిరిమాను రోజు వచ్చింది. దసరా తర్వాత మంగళవారం, విజయనగరం అంతా పైడితల్లి అమ్మవారి దగ్గర ఉంటే నేను ఒక లాండ్రీ రూమ్‌లో మెషిన్ ముందు కూర్చుని చెల్లి పెట్టిన వీడియో కాల్లో సిరిమాను చూశాను, జనం కేకలు వినపడ్డాయి, ఫోన్ ఆపేశాక ఆ మెషిన్ తిరిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ రోజు నేను చేసిన మంచిపని ఏంటంటే రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి పులిహోర చేశాను, నలుగురికి సరిపడా. ఎవరూ తెలీదు అప్పటికి. వాసనకి పక్క గది సిరియా అబ్బాయి, ఒక తమిళమ్మాయి వచ్చారు. ఆ తమిళమ్మాయే తర్వాత నాతో వీసా ఆఫీసుకి తోడొచ్చింది.

కాబట్టి మీరూ అలాగే చెయ్యండి, మీ ఇంటి పండగ రోజులు, అమ్మ పుట్టినరోజు క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకుని, ఆ రోజు సాయంత్రం ఒంటరిగా ఉండకుండా ఏదో ఒక వంటకో, నడకకో ఎవరినైనా పిలవండి. నవంబర్ నుంచి పగలు తగ్గిపోతుంది, డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, మన ఎండలకి అలవాటైన ఒంటికి అది బరువుగా ఉంటుంది, మధ్యాహ్నం ఓ అరగంట బయట తిరగండి. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, క్లాసుకి వెళ్ళబుద్ధి కాకపోయినా యూనివర్సిటీలో, స్టుడెంటెన్‌వెర్క్‌లో మాట్లాడటానికి కౌన్సెలర్లు ఉంటారు, మామూలుగా డబ్బులు తీసుకోరు, వెళ్ళండి. ఇంట్లో కంగారు పడతారని ఇంట్లో దాచినా, అక్కడ దాచకండి.

ఇంటికి ఫోన్ చెయ్యడానికి రోజూ ఒకే టైము పెట్టుకోండి. మనకీ వాళ్ళకీ ఎండాకాలం మూడున్నర గంటలు తేడా, అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పట్నుంచి నాలుగున్నర గంటలు. మీరు అక్కడ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంటే ఇంట్లో అప్పటిదాకా రాత్రి తొమ్మిదిన్నర, ఆ ఆదివారం నుంచి పదిన్నర. అది ముందు రోజే అమ్మకి చెప్పండి, నేను చెప్పడం మర్చిపోయాను, ఆ రోజు తొమ్మిదిన్నర నుంచి గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుందంట.